స్పిన్ ఆఫ్ పైలట్‌పై తొలి రియాక్షన్లను ఎలా చదవాలి? ‘కాప్రికా’ గురించి అడిగినవారికి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. మనుషులకూ, వాళ్లే తయారుచేసిన సైలాన్ రోబోలకూ మధ్య యుద్ధం నడిచే అంతరిక్ష సిరీస్ ‘బ్యాటిల్‌స్టార్ గలాక్టికా’ చివరిదాకా చూశారు, బాగా నచ్చింది. దానికి ప్రీక్వెల్‌గా, అంటే అంతకుముందు జరిగిన కథగా తీసిన ‘కాప్రికా’ పైలట్ (తొలి ఎపిసోడ్) ఇప్పుడే చూశారు. నచ్చిందో లేదో మీకే తేలలేదు. అప్పట్లో చూసినవాళ్లు ఏమన్నారో వెతికితే కొందరు “అంతరిక్ష నౌకే లేని సైన్స్ ఫిక్షన్ ఏమిటి, ఇది ఇంటి గొడవల సీరియల్” అన్నారు. మరికొందరు “గలాక్టికా కన్నా లోతుంది” అన్నారు. పైగా ఒక్క సీజన్‌తోనే ఆగిపోయిందని తెలిసింది. ఎవరి మాట నమ్మాలి, ముందుకు చూడాలా వద్దా అని అడిగారు.

రెండో దానికి సూటి జవాబు: చూడండి, కనీసం ఐదో ఎపిసోడ్ దాకా. ఎందుకో చివర్లో చెబుతాను. ఎవరి మాట నమ్మాలన్నది దానికన్నా పెద్ద ప్రశ్న, అందుకే ఈ జవాబు పొడుగైంది.

నేను చాలాకాలంగా సిరీస్‌ల కథా విభాగంలో పనిచేస్తున్నాను. కొత్త పైలట్‌ను బయటివాళ్లకు వేసి చూపించాక వాళ్లు రాసిచ్చే అభిప్రాయాలు చదవడం మా పనిలో భాగం. ఎక్కడ విసుగు పుట్టిందో చెప్పడంలో ప్రేక్షకులు పొరబడడం చాలా అరుదు. ఎందుకు పుట్టిందో చెప్పమంటే మాత్రం చేతికి అందిన కారణం రాసేస్తారు. స్పిన్ ఆఫ్ (పాత సిరీస్ నుంచి పుట్టిన కొత్త సిరీస్) అయితే ఆ చేతికందే కారణం దాదాపు ఎప్పుడూ పాత సిరీసే. “ఇందులో అది లేదు, వాళ్లు లేరు, అలా లేదు.” కాబట్టి స్పిన్ ఆఫ్ పైలట్ మీద మొదటి వారాల్లో వచ్చే మాటల్లో పెద్ద భాగం, మెచ్చుకోలైనా తిట్టైనా, అయిపోయిన సిరీస్ గురించే ఉంటుంది. ఆ భాగాన్ని పక్కకు తీస్తే మిగిలేదే పైలట్ గురించిన అసలు మాట.

కాప్రికా విషయంలో తేదీలు చూస్తే ఇది బాగా తెలుస్తుంది. గలాక్టికా ఆఖరి ఎపిసోడ్ 2009 మార్చి 20న ప్రసారమైంది. కాప్రికా పైలట్ అదే ఏడాది ఏప్రిల్ 21న డీవీడీగా, డౌన్‌లోడ్‌గా వచ్చేసింది. మధ్యలో గట్టిగా నెల రోజులు. సైఫై ఛానల్ దాన్ని టీవీలో వేసింది 2010 జనవరి 22న. టీవీలో రావడానికి తొమ్మిది నెలల ముందే డబ్బు పెట్టి కొనుక్కుని చూసేది ఎవరు? గలాక్టికాను ప్రాణంలా చూసుకున్నవాళ్లు. దేవుడి సంకల్పం, దేవదూతలు అంటూ ఆ కథను ముగించిన తీరు వాళ్లను అప్పటికే రెండు వర్గాలు చేసింది. సరిగ్గా ఆ సమయంలో వాళ్ల చేతికి వచ్చిన కొత్త కథలో, ఒకే దేవుణ్ణి నమ్మే రహస్య బృందానికి చెందిన ఒక కుర్రాడు రైల్లో తనను తాను పేల్చుకుంటాడు. “మళ్లీ మతమేనా” అని విసుక్కున్నారంటే ఆశ్చర్యం లేదు. ఆ విసుగు తగిలింది కాప్రికాకు, పుట్టింది మాత్రం మార్చి 20 రాత్రి.

నిజానికి ఈ పైలట్‌లో మతం చేసే పని గలాక్టికాలో చేసిన పని లాంటిది కాదు. కథ జరిగే పన్నెండు లోకాల సమాజం అనేకమంది దేవతలను కొలుస్తుంది. ఒక్క దేవుడే ఉన్నాడన్న నమ్మకం అక్కడ వింతగా, ప్రమాదంగా కనిపిస్తుంది. దర్యాప్తుకు వచ్చిన అధికారి స్కూలు పెద్ద క్లారిస్‌తో మాట్లాడుతూ, మంచిచెడ్డలన్నీ ఒక్కరే తేల్చేస్తే, ఆ తీర్పును ఎవరూ ప్రశ్నించలేకపోతే భయం వేయదా అన్న అర్థంలో అడుగుతాడు. ఒకే దేవుణ్ణి నమ్మేవాళ్లు ఎక్కువగా ఉన్న దేశపు టీవీలో ఆ ప్రశ్నను అటు తిప్పి వేయడం చిన్న విషయం కాదు. రెండోసారి చూస్తే నాకు అన్నిటికన్నా బలంగా అనిపించే సన్నివేశాల్లో ఇదొకటి. తొలి రియాక్షన్లలో దాని గురించి మాట్లాడినవాళ్లు నాకు చాలా తక్కువ కనిపించారు. మతం అన్న పదం వినగానే వాళ్ల మనసు పాత ముగింపు దగ్గరికి వెళ్లిపోయింది.

ఇక అంతరిక్ష నౌకల సంగతి. ఇది అందరికన్నా ఎక్కువమంది అన్న మాట కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

రొనాల్డ్ డి. మూర్, రెమీ ఒబుషాన్ రాసిన ఈ పైలట్‌కు జెఫ్రీ రైనర్ దర్శకుడు. కథాకాలం గలాక్టికా మొదట్లో సైలాన్లు చేసే విధ్వంసానికి 58 ఏళ్ల ముందు. నేల మీద, ఒక సంపన్న నగరంలో, ఇద్దరు తండ్రుల కథ. డేనియల్ గ్రేస్టోన్ హోలోబ్యాండ్ అనే పరికరంతో మనుషులను కృత్రిమ లోకంలోకి పంపి కోట్లు గడించినవాడు. జోసెఫ్ ఆడమ్స్ టారన్ లోకం నుంచి వలస వచ్చి, ఇంటిపేరు మార్చుకుని బతుకుతున్న లాయరు. రైలు పేలుడులో ఒకరు కూతురిని, మరొకరు భార్యనూ కూతురినీ పోగొట్టుకుంటారు. డేనియల్ కూతురు జోయీ బతికుండగా తన నకలు ఒకదాన్ని కృత్రిమ లోకంలో తయారుచేసి ఉంచింది. తండ్రి దాన్ని కనిపెడతాడు. అక్కడి నుంచి ఆశ, దొంగతనం, ఒక రోబో.

ఇందులో నౌకలకు చోటెక్కడ? నౌక కావాలన్న కోరిక ఈ కథ చూస్తే పుట్టింది కాదు, డీవీడీ అట్ట మీద గలాక్టికా పేరుకున్న చుట్టరికం చూసి పుట్టింది. అందుకే ఆ ఫిర్యాదును ఉన్నదున్నట్టు తీసుకుంటే మనకేమీ రాదు. కానీ కొట్టిపారేయకూడదు కూడా. ఇంతమంది ఒకే చోట వేలు పెట్టారంటే అక్కడ ఏదో వెలితి ఉంది. దానికి వాళ్లు పెట్టిన పేరు “నౌకలు”. అసలు పేరు వేరు.

ఆ పేరు దొరకాలంటే గలాక్టికా మొదటి ఎపిసోడ్ ‘33’ గుర్తు తెచ్చుకోండి. ప్రతి 33 నిమిషాలకు శత్రువు వస్తాడు. నిద్ర లేదు. బతికున్నవాళ్ల లెక్క 50,298 అని తెర మీద పడుతుంది, తర్వాత తగ్గుతుంది. ఆ ఎపిసోడ్ అయిపోయేసరికి, వచ్చే వారం ఏం చూడబోతున్నామో ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోయింది: పరుగు, ఆకలి, నీళ్లు, అనుమానం, తగ్గుతున్న అంకె. ఈ బలం నౌకల్లో లేదు, ఆ పరిస్థితిలో ఉంది. నౌకలు ఆ పరిస్థితికి కంటికి కనిపించే రూపం.

కాప్రికా పైలట్ ముగిశాక ఇదే ప్రశ్న వేసుకోండి. వచ్చే వారం ఏమవుతుంది? జోయీ రోబో శరీరంలో మేలుకుంది, స్నేహితురాలు లేసీకి ఫోన్ చేసింది. అద్భుతమైన ముగింపు. డేనియల్‌కు ప్రభుత్వ కాంట్రాక్టు రాబోతోంది. జోసెఫ్ తన అసలు ఇంటిపేరు అడామాను (గలాక్టికా కమాండర్ ఇంటిపేరు అదే, జోసెఫ్ ఆయన తండ్రి) మళ్లీ తీసుకున్నాడు. అందరి కథా ఒక మలుపు తిరిగిపోయింది, ఏ ఒక్కరికీ తెల్లారితే ఈ పని చేయకపోతే చచ్చిపోతాం అన్న ఒత్తిడి లేదు. గంటన్నర సినిమాగా చూస్తే ఇది నిండుగా ఉంది. విమర్శకులు చాలామంది మెచ్చుకున్నది ఆ నిండుతనాన్నే. వారం వారం రావాల్సిన సిరీస్‌కు తలుపుగా చూస్తే, ఆ తలుపు వెనక ఏ గది ఉందో కనిపించదు. “నౌకలు లేవు” అన్నవాళ్లు, “గలాక్టికా కన్నా లోతుంది” అన్నవాళ్లు ఇద్దరూ ఒకే వస్తువును సరిగ్గానే చూశారు. ఒకరు సిరీస్ మొదలు కోసం చూశారు, ఇంకొకరు సినిమాను చూశారు. మీకు ఏమీ తేలకపోవడానికి కారణం కూడా ఇదేనని నా అనుమానం: మీరు రెండూ ఒకేసారి చూశారు.

ఇదే ఫిర్యాదు అంతకుముందు ఇంకో సిరీస్‌కు వచ్చింది, అక్కడ కథ మరోలా నడిచింది కాబట్టి పోల్చి చూడడం ఉపయోగం. 1993 జనవరిలో ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’ పైలట్ ‘ఎమిసరీ’ వచ్చినప్పుడు, ఎక్కడికీ వెళ్లకుండా ఒక అంతరిక్ష కేంద్రంలో కూర్చుంటే అది ట్రెక్ ఎలా అవుతుందని చాలామంది అడిగారు. అదీ దుఃఖం మీద నడిచే పైలటే. కమాండర్ సిస్కో భార్య వోల్ఫ్ 359 యుద్ధంలో చనిపోయింది, ఆయన మనసు ఆ కాలుతున్న ఓడలోనే ఉండిపోయింది. కాలమంటే ఏమిటో తెలియని జీవులకు కాలం గురించి చెప్పబోయి, తానే ముందుకు కదలడం లేదని ఆయన గ్రహిస్తాడు. ఇక్కడ తేడా చూడండి. సిస్కో దుఃఖం పైలట్‌లోనే ఒక కొలిక్కి వస్తుంది, ఆ తర్వాత పని మొదలవుతుంది. ఆక్రమణ నుంచి అప్పుడే బయటపడ్డ బజోర్ గ్రహం, పక్కనే కాచుక్కూర్చున్న పాత ఆక్రమణదారులు కార్డేసియన్లు, గుమ్మం ముందే తెరుచుకున్న వర్మ్‌హోల్ (దూరాన ఉన్న అంతరిక్షంలోకి అడ్డదారి). కేంద్రం కదలకపోయినా కథలు దాని దగ్గరికే వస్తాయని పైలట్ చెప్పేసింది. చేసిన పనుల ఫలితం నుంచి తప్పించుకుని వేరే గ్రహానికి వెళ్లిపోయే వీలు లేకపోవడమే ఆ సిరీస్ బలమైంది. ఏడు సీజన్లు నడిచింది. కాప్రికాలో దుఃఖం పైలట్‌లో తీరలేదు సరికదా, అదే మొత్తం కథ కావాల్సి వచ్చింది. దుఃఖాన్ని వారం వారం నడపడం ఏ రచయితకైనా చాలా కష్టం.

ఇంకో తేడా కూడా ఉంది. డీప్ స్పేస్ నైన్ మొదలైనప్పుడు, నౌక మీద నడిచే స్టార్ ట్రెక్ సిరీస్ ‘ది నెక్స్ట్ జనరేషన్’ ఇంకా నడుస్తూనే ఉంది, 1994 మే దాకా నడిచింది. నౌక కావాలనుకున్నవాళ్లకు నౌక ఉంది. కాప్రికా ప్రేక్షకుడికి ఆ ఊరట లేదు.

పాత సిరీస్ పోయిన బాధ కొత్తదాని మీద ఎంత గట్టిగా పడుతుందో చూడాలంటే ‘స్టార్‌గేట్ యూనివర్స్’ చూడాలి. 2008 ఆగస్టులో దానికి ముందున్న స్టార్‌గేట్ సిరీస్ ‘స్టార్‌గేట్ అట్లాంటిస్’ను ఆపేస్తున్నట్టు చెప్పారు. అదే నెలలో, రోజుల తేడాతో, యూనివర్స్‌కు అనుమతి వచ్చిందన్నారు. అట్లాంటిస్ అభిమానులకు లెక్క తేలిగ్గా కుదిరింది: దీని కోసం దాన్ని చంపారు. పైలట్ ‘ఎయిర్’ వచ్చింది 2009 అక్టోబరు 2న. అంటే ఒక్క ఫ్రేమ్ చూడకముందే ఏడాదికి పైగా కోపం పేరుకుపోయింది. రాబర్ట్ కార్లైల్ చేసిన నికొలస్ రష్ పాత్ర గొప్పగా ఉందని ఒప్పుకున్నవాళ్లు కూడా చీకటిగా ఉందని, అందరూ పోట్లాడుకుంటున్నారని, గలాక్టికాను అనుకరిస్తున్నారని అన్నారు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. కానీ ‘ఎయిర్’ దగ్గర కాప్రికా దగ్గర లేనిది ఉంది. గాలి అయిపోతున్న ఓడ, దాన్ని నడపడం రాని మనుషులు, ఇంటికి దారి లేదు. వారం వారం ఏం జరుగుతుందో చెప్పాల్సిన పనే లేదు. అయినా రెండు సీజన్లకే, 40 ఎపిసోడ్లతో ఆగింది. కథను నడిపే బలం ఉండగానే సరిపోదు, చూసేవాళ్లు మనసు ఖాళీ చేసుకుని కూర్చోవాలి కూడా.

అంకెలను నమ్ముకుందామా అంటే అవీ అంత సాయం చేయవు. బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ ‘డాక్టర్ హూ’ నుంచి బీబీసీ తీసిన మొదటి స్పిన్ ఆఫ్ ప్రయత్నం ‘కే నైన్ అండ్ కంపెనీ’. 1981 డిసెంబరు 28న వేశారు. సుమారు 84 లక్షల మంది చూశారు. సిరీస్ రాలేదు. అందులోని సారా జేన్ పాత్రకు సొంత సిరీస్ దక్కడానికి 2007 దాకా పట్టింది. మరోవైపు స్టార్ ట్రెక్ సిరీస్ ‘ఎంటర్‌ప్రైజ్’ పైలట్‌ను 2001 సెప్టెంబరులో అమెరికాలో కోటీ 25 లక్షల మంది చూశారు, తర్వాత జనం తగ్గుతూ పోయి 2005లో నాలుగో సీజన్‌తో ముగిసింది. పైలట్‌ను ఎంతమంది చూశారన్నది పాత సిరీస్‌కు ఎంత పేరుందో చెబుతుంది. రెండో వారం, మూడో వారం ఎంతమంది మిగిలారన్నదే కొత్తదాని గురించి చెబుతుంది.

‘ది నెక్స్ట్ జనరేషన్’ పైలట్ ‘ఎన్‌కౌంటర్ ఎట్ ఫార్‌పాయింట్’ను కూడా మర్చిపోకూడదు. 1987 సెప్టెంబరులో వచ్చింది. మొదటి స్టార్ ట్రెక్ హీరోలు కర్క్, స్పాక్ లేని ట్రెక్ ఏమిటని మండిపడ్డవాళ్లు ఎంతమందో. పైలట్‌గా అది గొప్పది కాదని నేనూ అంటాను. డి.సి. ఫోంటానా రాసిన కథ ఒకటి, దాన్ని రెండు గంటలకు సాగదీయడానికి జీన్ రాడెన్‌బెర్రీ చేర్చిన, ‘క్యూ’ అనే సర్వశక్తిమంతుడు మనుషుల మీద జరిపే విచారణ ఒకటి, రెండూ సరిగ్గా అతకలేదు. అతుకులు కనిపించాయన్న ప్రేక్షకుల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ అతికించిన ముక్కే, మనుషుల మీద విచారణ, ఏడేళ్ల తర్వాత ఆఖరి ఎపిసోడ్‌కు వెన్నెముక అయింది. పైలట్‌లో అతకనట్టు కనిపించే ముక్క ఒక్కోసారి రాబోయే సిరీస్‌కు విత్తనం. ఏది విత్తనమో, ఏది పొరపాటో మొదటి రాత్రి ఎవరికీ తెలియదు, రాసినవాళ్లతో సహా.

కాప్రికాలో అలాంటి ముక్క ఒకటుంది. మీరు చదివిన రియాక్షన్లలో దాని మీద ఎగతాళి తప్పకుండా కనిపించి ఉంటుంది. జోయీ నకలు తన పుట్టుక గురించి చెబుతూ, మనిషి మెదడులో ఉండే సమాచారం సుమారు 300 మెగాబైట్లే అంటుంది. కంప్యూటర్లు తెలిసినవాళ్లు అక్కడే ఆగిపోయారు. ఆ అంకె నిలబడదు, అందులో వాదన లేదు. కానీ ఆ వాక్యం చుట్టూ ఉన్న ఆలోచన వినండి. ఒక మనిషి వదిలిన జాడలన్నీ, అంటే వైద్య పరీక్షలు, స్కూలు రికార్డులు, కొన్న వస్తువులు, రాసిన ఉత్తరాలు, చూసిన సినిమాలు, అన్నీ పోగుచేసి కలిపితే ఆ మనిషి మళ్లీ తయారవుతుందా? సమాచారాన్ని దాచడం సమస్య కాదు, ఎలా బయటికి తీయాలన్నదే సమస్య అని ఆ పిల్ల అంటుంది. 2009లో ఇది అతిశయోక్తిగా వినిపించింది. చనిపోయినవాళ్ల మెసేజ్‌లతో వాళ్లలా మాట్లాడే ప్రోగ్రాములు తయారుచేస్తున్న ఈ రోజుల్లో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ ఆలోచనకు పైలట్ ఇచ్చే జవాబు ఒక సన్నివేశంలో ఉంది. జోసెఫ్ కూతురు టమారాను డేనియల్ అదే పద్ధతిలో తిరిగి సృష్టిస్తాడు. తండ్రి ఆశగా లోపలికి వెళతాడు. ఆ పిల్ల భయంతో వణుకుతూ, తన గుండె కొట్టుకోవడం తెలియడం లేదంటుంది. డేనియల్ ఇదే పరిస్థితిలో కూతురు తిరిగొచ్చిందనుకున్నాడు. జోసెఫ్ మాత్రం తట్టుకోలేక బయటికొచ్చేసి, ఇది తన కూతురు కాదంటాడు. జోసెఫ్‌గా చేసిన ఎసాయ్ మోరాలెస్ ముఖం చూడండి ఆ నిమిషంలో. ఎరిక్ స్టోల్ట్జ్ చేసిన డేనియల్‌లో దురాశ ఎక్కడ ఆగి ప్రేమ ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం, అదీ చూడండి. “ఇంటి గొడవల సీరియల్” అన్నవాళ్లు అన్నది ఈ సన్నివేశాన్నే అయితే, ఆ మాటతో నేను గట్టిగా విభేదిస్తాను. గలాక్టికా నాలుగు సీజన్లపాటు అడిగిన ప్రశ్న, సైలాన్ మనిషేనా అన్నది, ఇక్కడ ఒక గదిలో ఇద్దరి మధ్యకు వచ్చింది. గలాక్టికాలో ఆ ప్రశ్నకు జవాబు తప్పితే యుద్ధం. ఇక్కడ తప్పితే ఒక పిల్లను చీకట్లో ఒంటరిగా వదిలేసినట్టు. ఈ రెండోది పాత సిరీస్ అడగగలిగిన ప్రశ్న కాదు. స్పిన్ ఆఫ్ ఎందుకు పుట్టాలి అంటే నా దృష్టిలో ఇలాంటి ప్రశ్న కోసమే.

ఒక చిన్న విషయం మధ్యలో చెప్పాలి. మీరు ఏ వెర్షన్ చూశారో సరిచూసుకోండి. డీవీడీలో వచ్చిన పైలట్‌లో కృత్రిమ లోకంలోని క్లబ్ సన్నివేశాలు మరింత పచ్చిగా ఉంటాయి, టీవీకి వేసినప్పుడు వాటిని తగ్గించారు. “అనవసరమైన నగ్నత్వం” అన్న విమర్శ కొన్నిచోట్ల మాత్రమే కనిపించడానికి కారణం అదే. ‘స్టార్‌గేట్ ఎస్‌జీ-1’ పైలట్‌కూ ఇదే జరిగింది. 1997లో ఒకలా వచ్చింది, 2009లో ఆ నగ్న దృశ్యం తీసేసి మళ్లీ ఎడిట్ చేశారు. ఇద్దరు వాదించుకుంటున్నప్పుడు వాళ్లు చూసింది ఒకే పైలటేనా అన్నది ముందు తేలాలి.

ఇంకో మాట. గలాక్టికాను కొలబద్దగా పెట్టి కాప్రికాను కొలిచేవాళ్లు, గలాక్టికాకు దక్కిన తొలి స్వాగతాన్ని గుర్తు పెట్టుకోవాలి. 1978 నాటి సిరీస్‌ను 2003లో మళ్లీ తీసినప్పుడు స్టార్‌బక్ పాత్రను ఆడమనిషిని చేశారని పాత అభిమానులు ఎంత రభస చేశారో. పాత సిరీస్‌లో అపోలోగా చేసిన రిచర్డ్ హాచ్ ఆ పునర్నిర్మాణాన్నే వ్యతిరేకించాడు. పాత కథకు కొనసాగింపు కావాలని సొంతంగా ట్రైలర్ కూడా తీసుకున్నాడు. తర్వాత అదే కొత్త సిరీస్‌లో టామ్ జారెక్‌గా చేశాడు, అదీ ఎంతో బాగా. తొలి రియాక్షన్‌లో ప్రేమ ఎంత ఉంటుందో మొండితనం అంత ఉంటుంది. రెండూ ఒకే చోటి నుంచి వస్తాయి కాబట్టి వాళ్లను నేను తక్కువ చేసి చూడను. అలా పట్టించుకునేవాళ్లు లేకపోతే స్పిన్ ఆఫ్‌లే ఉండవు.

కాలం కూడా రియాక్షన్‌ను మార్చేస్తుంది. ‘ఎక్స్ ఫైల్స్’ స్పిన్ ఆఫ్ ‘ది లోన్ గన్‌మెన్’ పైలట్ 2001 మార్చి 4న వచ్చింది. ఒక విమానాన్ని దూరం నుంచి అదుపులోకి తీసుకుని వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీదికి పంపే కుట్ర అందులో కథ. ఆరు నెలల తర్వాత ఆ పైలట్‌ను అంతకుముందులా చూడగలవాళ్లు ఎవరూ లేరు.

మరి వందల రియాక్షన్ల మధ్య పనికొచ్చేది ఎలా పట్టుకోవాలంటే, నేను చేసేది ఇది. మొదట, రాసినవాళ్లు కొత్త పాత్రల పేర్లు వాడుతున్నారా లేదా చూస్తాను. “పెళ్లాం, లాయరు, ఆ రోబో పిల్ల” అని రాసినవాళ్లకు కథ పట్టలేదు. అది పైలట్ లోపం కావచ్చు, లేదా వాళ్లు పాతవాళ్ల కోసం చూస్తూ ఉండిపోయి ఉండవచ్చు. ఒక సన్నివేశాన్ని పట్టుకుని మాట్లాడినవాళ్ల మాటకు, నచ్చకపోయినా సరే, ఎక్కువ విలువ ఇస్తాను. “బోర్” అన్నవాళ్లు ఎక్కడ అన్నది చెబితే అది నాకు బంగారం. కాప్రికా విషయంలో ఆ చోటు చాలాసార్లు రెండో సగంలో వస్తుంది. దొంగిలించిన ప్రాసెసర్ చుట్టూ నడిచే వ్యవహారం అది. జోసెఫ్ తమ్ముడు శామ్, టారన్ గ్యాంగు, డేనియల్ ప్రత్యర్థి కంపెనీ, అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. దుఃఖం ఒక వేగంతో, నేరం ఇంకో వేగంతో నడుస్తాయి. సీజన్ అంతా ఆ రెండు వేగాలు కలవక ఇబ్బంది పడిందన్నది తర్వాత తేలింది. దాన్ని పైలట్ దగ్గరే పసిగట్టిన ప్రేక్షకులు ఉన్నారు. వాళ్ల వాక్యాలు పొట్టివి, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

పాత సిరీస్ పేరు తీసేసి చదివినా నిలబడే వాక్యం ఉందా అన్నది రెండో పరీక్ష. “గలాక్టికాలో ఉన్న ఉత్కంఠ లేదు” అన్నదాంట్లో గలాక్టికా తీసేస్తే “ఉత్కంఠ లేదు” మిగులుతుంది, దాన్ని పరిశీలించొచ్చు. “అడామా తండ్రి ఇలాంటివాడా” అన్నదాంట్లో అది తీసేస్తే ఏమీ మిగలదు. ప్రీక్వెల్‌కు ఇదొక అదనపు బరువు. చివరికి అంతా కాలిపోతుందని చూసేవాళ్లకు ముందే తెలుసు. తెలిసినదాని వైపు నడిపించేటప్పుడు ఏమవుతుంది అన్న ప్రశ్న పనిచేయదు, ఎందుకు ఇలా చేశారు అన్నదే పనిచేయాలి. ఆ రెండో ప్రశ్న మీద ఆసక్తి ఉన్నవాళ్లకే ఈ పైలట్ నచ్చింది. మీకు ఏ ప్రశ్న మీద ఆసక్తో మీకే తెలుస్తుంది.

ఇక మీరు చూడాలా అన్నది. రెండు, మూడు, నాలుగు ఎపిసోడ్లు కాస్త తడబడతాయి, పైన చెప్పిన కారణాల వల్లే. ఐదోది ‘దేర్ ఈజ్ అనదర్ స్కై’. పైలట్‌లో చీకట్లో వదిలేసిన టమారా దగ్గరికి కథ మళ్లీ వెళ్లేది అక్కడ. ఆ పిల్ల కృత్రిమ నగరంలో ఏం చేస్తుందో చెప్పి మీ ఆనందం పాడుచేయను. సిరీస్‌కు తన సొంత బాట దొరికిన ఎపిసోడ్ అది. అది కూడా మీకు పట్టకపోతే ఆపేయండి, ఏమీ కోల్పోరు. పడితే ‘ఎండ్ ఆఫ్ లైన్’ దాకా ఆగకుండా వెళ్లండి. 2010 మార్చిలో అక్కడ సిరీస్‌కు పెద్ద విరామం వచ్చింది. అక్టోబరులో మళ్లీ మొదలైన కొన్ని వారాలకే రద్దు ప్రకటించారు, మిగిలిన ఐదు ఎపిసోడ్లను 2011 జనవరి 4న అమెరికాలో వరుసగా వేసేశారు. అందుకే రెండో సగం వేగం వేరుగా ఉంటుంది, చివర్లో కొన్ని నిమిషాల్లో చాలా దూరం చూపిస్తారు. కథ గాల్లో వదిలేశారన్న భయం పెట్టుకోవద్దు, ముగింపు ఉంది. ఒక్క జాగ్రత్త: ఎపిసోడ్ల సారాంశాలు, పాత్రల వంశవృక్షాలు ముందే వెతకకండి. అడామా కుటుంబం గురించి చివర్లో వచ్చే ఒక విషయం తెలియకుండా చూస్తేనే బాగుంటుంది.